గుడారంలో రెండో పీట

నా చిన్నప్పుడు మేము వెస్ట్ వర్జీనియాలో, కొండల మధ్య ఇరుక్కుపోయిన ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. చుట్టూ బొగ్గు గనులు. గనివాళ్ళ ఆసుపత్రిలో మా నాన్న డాక్టరు. డెబ్భైల చివర అటువంటి ఊళ్ళకి రావడానికి అమెరికన్ డాక్టర్లు పెద్దగా ఇష్టపడేవారు కాదు. మనవాళ్ళు మాత్రం ఎక్కడ ఉద్యోగం ఇస్తామంటే అక్కడికి పెట్టె పుచ్చుకుని బయల్దేరేవారు. అలా వచ్చి చేరిన తెలుగు కుటుంబాలు ఊరు మొత్తానికి రెండో మూడో. అమెరికాలో పెరిగానంటే అందరూ ఎత్తయిన మేడలూ వెడల్పాటి రోడ్లూ ఊహించుకుంటారు. నేను పెరిగింది మంచులో, బురదలో, గాలి దెబ్బకి కొమ్మలన్నీ ఒక పక్కకే తిరిగిపోయిన చెట్ల మధ్య.

నాకు పుట్టుకతోనే ఓర్వలేనితనం కాస్త ఎక్కువ. తోబుట్టువులు లేకపోవడం వల్ల ఇంట్లో దాని అవసరం పడలేదు, అంతే. బళ్ళో నా పక్కన కూచునే పిల్లకి కొత్త లంచ్ బాక్స్ వస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. మా నాన్న ఎవరి బిడ్డనైనా ఎత్తుకుంటే దింపేదాకా ఆయన ప్యాంటు పట్టుకుని గుంజేదాన్ని. ఇదంతా ముందే చెబుతున్నది ఎందుకంటే, చెప్పబోయేదాంట్లో నేనేదో చివరికి మంచిపిల్లనైపోయానని ఎవరూ ఆశపడకూడదు.

మా పక్కింట్లో మత్తు డాక్టరుగారు ఉండేవారు. ఆయన భార్యని నేను ఆంటీ అనేదాన్ని. పెళ్ళికి ముందు ఆవిడ ఇండియాలో కాలేజీ పిల్లలకి జువాలజీ చెప్పేదట. ఇక్కడికొచ్చాక ఆ చదువుని అడిగినవాళ్ళు లేరు. పిల్లలు కూడా లేరు. ఇంట్లో కూచుని గోడలకేసి చూడలేక కొండకేసి చూడడం మొదలుపెట్టానని తనే నవ్వుతూ చెప్పేది. మా అమ్మలాంటివాళ్ళు చలికాలంలో కూడా చీరమీద కోటు తొడుక్కుని తిరిగే రోజుల్లో ఆవిడ ప్యాంటు వేసుకుని, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడిగి, మెడలో బైనాక్యులర్స్ తగిలించుకుని తెల్లవారకుండానే కొండెక్కేది. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చినప్పటినుంచీ నన్ను కూడా వెంట తీసుకెళ్ళేది. శనివారం అంటే మిగతా పిల్లలకి టీవీలో కార్టూన్లు. నాకు ఆంటీ.

ఆ కొండ పైభాగం మామూలు అడవిలా ఉండేది కాదు. ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివైపోయి, చివరికి నాచూ రాళ్ళూ పొదలూ మిగిలేవి. గాలి మాత్రం ఎప్పుడూ ఉండేది. అక్కడ ఏ బండ చాటునో కదలకుండా కూచుంటే, కాసేపటికి కొండ మనల్ని మరచిపోతుందని ఆంటీ అనేది. నిజంగానే మరచిపోయేది. బొంతకాకులు గాల్లో పల్టీలు కొట్టి సరదాపడడం చూశాను. ముళ్ళపంది కీళ్ళనొప్పుల ముసలాయనలాగా చెట్టెక్కడం చూశాను. అక్కడి కుందేళ్ళు ఎండాకాలం గోధుమరంగులో ఉండి చలికాలానికి తెల్లబడతాయి. ఒక ఏడాది మంచు ఆలస్యమైంది. ఒక కుందేలు అప్పటికే తెల్లబడిపోయి, గోధుమరంగు గడ్డిలో ఎవరూ చూడట్లేదనుకుని దర్జాగా కూచుంది. కొండ మొత్తం దాన్నే చూస్తోంది. నవ్వు ఆపుకోలేక ఆంటీ తన చేతిగుడ్డ నోట్లో కుక్కుకుంది, నేను ఆవిడ కోటు కొరికాను.

కోట్లంటే గుర్తొచ్చింది. కొండకి వేసుకునే కోట్లు ఇంట్లో తగిలించడానికి వీల్లేదని ఆంటీ నియమం. మన వంటింట్లో ఒకసారి ఇంగువ పోపు వేస్తే ఆ వాసన ఉన్నికోటుని వారం రోజులు వదలదు. ఆ సంగతి తెలియక మొదట్లో ఆవిడ ఒక సీజనంతా జింకల కోసం కాచుకుని తోకలు మాత్రమే చూసిందట. అప్పటినుంచీ కోట్లు గరాజ్‌లో మేకులకి వేలాడేవి. నా చిన్న కోటుకి అక్కడ సొంత మేకు ఉండేది. ఆవిడ కోటు పక్కన నా కోటు. ఆ మేకుని చూసుకుని నేనెంత మురిసిపోయేదాన్నో చెప్పలేను.

మా అమ్మ ఒకసారి నేనూ వస్తానంది. ఆంటీ నవ్వుతూనే, మీ ఒంటికి పోపు వాసనండీ, జింకలు పక్క రాష్ట్రానికి పోతాయి అంది. అమ్మ కూడా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇక అడవికోడి సంగతి. అక్కడివాళ్ళు దాన్ని గ్రౌస్ అంటారు. కోడి అంతే ఉంటుంది, ఒంటినిండా ఎండుటాకుల రంగులు. చలి వెనకబట్టే రోజుల్లో మగపక్షి ఒక పడిపోయిన చెట్టు మొద్దుని ఎంచుకుని, తెల్లవారుజామున దానిమీద నిలబడి రెక్కలు కొడుతుంది. నోటితో కూయదు. రెక్కలతో గాలిని కొడితే వచ్చే శబ్దమే దాని పిలుపు. ఆంటీ అటువంటి మొద్దు ఒకదాన్ని కనిపెట్టింది. దాన్ని దగ్గర్నించి చూడాలంటే గుడారం కావాలంది.

ఆ గుడారాన్ని ఆవిడ తన ముదురాకుపచ్చ నేత చీరలతో కుట్టింది. జరీ మెరిస్తే పక్షి బెదురుతుందని అంచులు కత్తిరించేసింది. ఆ సంగతి విని మా అమ్మ రెండు రోజులు మనిషి కాలేకపోయింది. లోపల కూచోవడానికి ఆంటీ పూజకని ఇండియా నుంచి తెచ్చుకున్న పీటలు రెండు. మూడో పీట పట్టదు, మూడో మనిషీ పట్టడు. ఒక పీట ఆంటీది. రెండోది నాది. చెప్పకపోయినా అది నాదే అని నేను నిర్ణయించుకున్నాను.

గుడారాన్ని ఒకేసారి మొద్దు పక్కన పాతకూడదు. ముందు బాగా దూరంగా వెయ్యాలి. పక్షికి అలవాటయ్యాక కాస్త దగ్గరికి జరపాలి, మళ్ళీ ఆగాలి, మళ్ళీ జరపాలి. ఆ చలిలో ఆ గుంజలు పీకి, పాతి, నా చేతులు బొబ్బలెక్కాయి. దూరంగా ఉన్నప్పుడు పొదల మధ్యనుంచి నాకు దాని తల మాత్రం కనిపించేది. రెక్కలు కొట్టడం కళ్ళారా చూడాలంటే గుడారం చివరి చోటికి చేరాలి. ఆ రోజు కోసం నేను మంచు కురిసినంత కాలం ఎదురుచూశాను.

ఇంకొక ఉపాయం కూడా ఉంది. మనుషులు గుడారంలోకి వెళ్ళడం పక్షి ఎక్కడినుంచో చూస్తూనే ఉంటుంది. లోపల ఎవరో ఉన్నారని తెలిస్తే రాదు. కానీ దానికి లెక్క రాదు. అందుకని లోపల కూచునేవాళ్ళతో పాటు ఇంకొక మనిషి కూడా గుడారం దాకా వచ్చి, అందరూ లోపలికి వెళ్ళినట్టు చేసి, ఆ మనిషి ఒక్కతే బయటికొచ్చి చప్పుడు చేసుకుంటూ నడిచి వెళ్ళిపోవాలి. మనుషులు పోయారనుకుని అది నిశ్చింతగా మొద్దెక్కుతుంది. ఆ వెళ్ళిపోయే పనికి మనిషి కావాలని ఆంటీ అంటే, నేను వస్తానని మా అమ్మ అంది. నాన్న పాత కోటు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు బూట్లలో దోపుకుని, వారం వారం మాతో కొండెక్కి, మమ్మల్ని పీటలమీద కూచోబెట్టి వెళ్ళిపోయేది. కారులో హీటర్ వేసుకుని నిద్రపోతోందని నేననుకునేదాన్ని. అసలు నేను దాని గురించి అనుకున్నదే తక్కువ.

ఆ చలికాలం చివర ఆసుపత్రికి వరంగల్ వైపునుంచి కొత్త సర్జన్ వచ్చారు. ఆయనకి నా ఈడు కూతురు ఉంది. మా ఇంట్లో భోజనానికి వచ్చినప్పుడు ఆ పిల్ల సోఫా అంచున కూచుని, వెళ్ళేదాకా కదల్లేదు. ఆంటీ ఆ కదలకపోవడం చూసింది. నేను ఆంటీ చూడడం చూశాను.

ఆ తర్వాతి శనివారం కారులో ఆ పిల్ల కూడా ఉంది. నేనయితే కూచున్న చోట కాలు కదుపుతాను, ముక్కు గోక్కుంటాను, చెవిలో ఏదైనా చెప్పకపోతే ఉండలేను. ఆ పిల్ల బండ పక్కన బండలాగా ఉండిపోయింది. ఒక జింక ఆ పిల్ల చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెళ్ళింది. నాకెప్పుడూ అలా రాలేదు. ఆంటీ కళ్ళలో నీళ్ళు. కారు దగ్గరికి వచ్చాక, ఈ పిల్ల ఎంత కుదురుగా కూచుందో చూశావా అని నాతోనే అంది. నాతోనే! తెలుగులో కూడా ఆ పిల్లదే పైచేయి. ఆంటీ ఏ పక్షి పేరు అడిగినా నేను ఇంగ్లీషులో చెబుతాను, ఆ పిల్ల వాళ్ళ ఊరి మాటలో చెబుతుంది. ఆంటీ ఆ మాటని నోట్లో చప్పరించినట్టు మళ్ళీ మళ్ళీ అనుకునేది. తర్వాతి వారం గరాజ్‌లో చూస్తే నా మేకు పక్కన కొత్త మేకు. దానికి ఆ పిల్ల కోటు.

ఆ రోజుల్లో నేను పడ్డ బాధ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ అది చిన్న బాధ కాదు. నిద్రలో పళ్ళు కొరికేదాన్నట. ఆ పిల్లకి జలుబు చెయ్యాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ పిల్ల నాతో స్నేహంగా ఉండడానికి వచ్చేది, అది ఇంకా మంట. చెడ్డపిల్ల అయితే ద్వేషించడం సులువుగా ఉండేది.

గుడారం చివరి చోటికి చేరింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళాలి. గరాజ్‌లో కోట్లు తగిలిస్తూ ఆంటీ మామూలుగా చెప్పినట్టే చెప్పింది.

“రేపు పీట దానిది, అమ్మలూ. వాళ్ళ నాన్నకి వేరే చోట ఉద్యోగం వచ్చేలా ఉంది, మళ్ళీ ఛాన్స్ దొరుకుతుందో లేదో. నీది పై ఆదివారం.”

“That's not fair, ఆంటీ! నేను ముందు వచ్చాను. గుంజలన్నీ నేను పాతాను.”

“పాతావు. అందుకే రేపు బయటికి నడిచేది నువ్వు. మీ అమ్మ ఇన్నాళ్ళూ నడిచింది కదా.”

పై ఆదివారం దాకా ఏమవుతుందో ఎవరికి తెలుసు? మంచు పడచ్చు, నక్క ఆ పక్షిని తినెయ్యచ్చు. అవన్నీ నేను ఏడుస్తూ చెప్పాను. ఆంటీ వింది, నా తల నిమిరింది, మాట మార్చలేదు. ఎలా నడవాలో మాత్రం చెప్పింది. చప్పుడు చెయ్యాలి, చేతులు ఊపాలి, తొందరపడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగి చూశావంటే అక్కడింకా ఏదో ఉందని దానికి తెలిసిపోతుంది అంది.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే అందరం బయల్దేరాం. అమ్మ కూడా వచ్చింది. దారిలో ఒక మలుపు దగ్గర అమ్మ ఆగిపోయింది, మేము ముగ్గురం గుడారం దాకా వెళ్ళాం. ఆంటీ ఒక పీటమీద కూచుంది. రెండో పీటమీద ఆ పిల్ల కూచుని, కోటు సర్దుకుని, అప్పుడే కదలడం మానేసింది. నేను వంగి ఆ పీటని చూశాను. చిన్న చెక్క పీట, దానిమీద ఎండిపోయిన పసుపు మరకలు. దానికోసం నేను చచ్చిపోతానేమో అనిపించింది. ఆంటీ చేత్తో సైగ చేసింది, ఇక వెళ్ళు అని.

బయటికొచ్చాను. చప్పుడు చెయ్యమని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ పూట నా కాళ్ళకింద పడ్డ ప్రతి పుల్లనీ విరగ్గొట్టాను. నా కళ్ళు మసకేసి దారి సరిగా కనబడలేదు. వెనక్కి తిరిగితే చాలు. ఒక్కసారి తిరిగి ఆ గుడారం వంక చూస్తే ఆ పక్షి రాదు, ఆ పిల్లకీ కనబడదు. అంత సులువు. మెడ దానంతటదే తిరగబోయింది. ఎందుకు తిరగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మంచితనం మాత్రం కాదు. ఏడుస్తున్న ముఖం ఆ పిల్లకి కనబడుతుందని సిగ్గయి ఉంటుంది.

మలుపు తిరిగేసరికి అక్కడొక బండమీద అమ్మ కూచుని ఉంది. కారులో కాదు. బండమీద మడత పెట్టిన పాత దుప్పటి, పక్కన ఫ్లాస్క్, అన్నీ ఎప్పటినుంచో అలవాటున్నట్టు అమర్చుకుని ఉంది. నేను ఆవిడ ఒళ్ళో పడ్డాను.

“I hate them, అమ్మా.”

“ఎవర్నే? ఆ పిల్లనా, ఆంటీనా?”

“Both!”

అమ్మ ఫ్లాస్క్ మూత తిప్పుతూ, “నాకయితే ఒక్కావిడ మీదే” అంది.

నేను తలెత్తి చూశాను. హాస్యమాడుతోందేమో అనుకున్నాను, కాదు. అప్పుడు అమ్మ నెమ్మదిగా, గుసగుసగా, పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పని సంగతులు చెప్పింది. నేను మొదటిసారి ఆంటీతో కొండకెళ్ళి వచ్చిన రోజు రాత్రి అన్నం తింటున్నంతసేపూ ఆంటీ ఇలా అంది, ఆంటీ అలా చూపించింది అని వాగుతూనే ఉన్నానట. అమ్మ నవ్వుతూ విని, తర్వాత సింక్ దగ్గర గిన్నెలు తోముతూ ఏడ్చిందట. నా ఒక్కగానొక్క కూతుర్ని ఆవిడ కొండకీ పక్షులకీ ఆశపెట్టి తీసుకుపోయింది అనిపించిందట. ఆవిడకి పిల్లలు లేరని తెలుసు, తెలిసినా మంట ఆగలేదట. ఒక్కసారి తనూ వద్దామనుకుంటే పోపు వాసన అన్న మాట. ఆ మాటకి అందరితో పాటు నవ్వేసి, ఇంటికెళ్ళి తల రెండుసార్లు రుద్దుకుందట.

నేను అందరికంటే గట్టిగా నవ్వానని నాకు గుర్తే.

“మరి ఎందుకు వచ్చేదానివి? Every week?”

“వెళ్ళిపోయే పనికి వాసన అడ్డు రాదుగా” అంది అమ్మ. “మీ ఆంటీ మనిషి కావాలంది. నేను వెళ్ళిపోతే నీకు కోడి కనబడుతుందంది. సరే, వెళ్ళిపోయాను.”

“ఇప్పుడు jealous పోయిందా?”

“ఎక్కడికి పోతుందే? పోయిన వారం కూడా వచ్చింది. తిట్టుకుంటూనే నడిచాను. తిట్టుకుంటూ కూడా నడవచ్చు, నువ్వు ఇందాక నడవలేదూ?”

అమ్మ మూతలో కాఫీ పోసి నా చేతికిచ్చింది. కాఫీ చల్లారిపోయింది. తూర్పు పక్క కొండ అంచు తెల్లబడుతోంది. నాకు ఏడుపు ఆగి వెక్కిళ్ళు మిగిలాయి. ఉన్నట్టుండి అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నాకేం వినబడలేదు. తర్వాత తెలిసింది, అది చెవికి వినబడేది కాదు, ముందు రొమ్ములో తెలిసేది. ఎక్కడో ఎవరో పాత మోటారు స్టార్ట్ చేస్తున్నట్టు ఒక్కొక్క దెబ్బ, ఆగి ఆగి, ఆ తర్వాత త్వరత్వరగా, ఇంకా త్వరగా, చివరికి దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే అదురు. అంతలో ఆగిపోయింది. కొండ మొత్తం నిశ్శబ్దం. గుడారంలో కూచున్న రోజుల్లో కూడా ఆ చప్పుడు విన్నాను, కానీ అప్పుడు నా ధ్యాసంతా చూడడం మీద, తల కనబడిందా, రెక్క కనబడిందా అని. ఆ బండమీద చూడడానికి ఏమీ లేదు. చప్పుడు నేరుగా వచ్చి ఒంట్లో చేరింది.

“నువ్వు వెళ్ళిపోయావని వాడికి నమ్మకం కుదిరింది” అంది అమ్మ, చెవిలో.

నేను నడిచాను కాబట్టి అది కొట్టింది. ఆ సంగతి నాకు సంతోషంగానూ ఉంది, భరించరానిదిగానూ ఉంది. లోపల ఆ పిల్ల నా చెమటతో పాతిన గుడారంలోంచి దాన్ని చూస్తోంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. కొట్టిన ప్రతిసారీ నా కడుపు మండింది, కొట్టడం ఆగిపోతుందేమోనని భయం కూడా వేసింది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు అర్థం కాలేదు. అమ్మ వంక చూస్తే కళ్ళు మూసుకుని వింటోంది. ఇన్ని వారాలూ ఒక్కతే ఇలా వింది. ఒక్కసారి కూడా చూడలేదు.

ఎండ వచ్చాక వాళ్ళిద్దరూ దిగి వచ్చారు. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఆంటీ చెయ్యి వదిలేసి తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“నువ్వు ఆ మలుపు తిరిగేదాంక అది మొద్దు కాడ్నే నిలవడి నిన్నే చూసింది. నువ్వు కనవడకుంట అయినంకనే ఎక్కింది. నువ్వు మంచిగ నడిచినవ్.”

థాంక్స్ అని నేల వంక చూస్తూ అన్నాను. అంతకంటే ఎక్కువ నా వల్ల కాలేదు.

పై ఆదివారం నా వంతు వచ్చింది. పక్షిని నక్క తినలేదు, మంచు కురవలేదు. ముందురోజు రాత్రి అమ్మని నువ్వు కూచో అమ్మా నా బదులు అని అడిగాను. నాకెందుకే, ఆ గుడ్డసంచిలో నా నడుం పట్టేస్తుంది అని కొట్టిపారేసింది. సరేనని రెండో పీటమీద నేనే కూచున్నాను. ఈసారి బయటికి నడిచేది అమ్మ. ఆ పిల్ల కూడా వస్తానంటే తనతో పాటు రమ్మంది.

గుడారానికి ముందొక చీలిక, పక్కనొక చీలిక ఉండేవి. ఇన్నాళ్ళూ పక్క చీలికలోంచి నేనెప్పుడూ చూడలేదు. అటువైపు దారి తప్ప ఏముందని? ఆ రోజు చూశాను. మా అమ్మ వెళ్ళిపోవడం మొదటిసారి చూశాను. నాన్న కోటులో ఆవిడ వీపు. రెండు చేతులూ బారలు చాపి ఊపుతోంది, కావాలని పుల్లల మీద కాలేస్తోంది, గట్టిగా దగ్గుతోంది. అది చాలదన్నట్టు అడవికోడికి తెలుగులో కేకేసి మరీ చెబుతోంది, ఎవరూ లేర్రా నాయనా, అందరం పోతున్నాం, నువ్వు రా అని. ఆంటీ నవ్వాపుకోలేక మళ్ళీ చేతిగుడ్డ వెతుక్కుంది. ఇంత నాటకం అమ్మ వారం వారం నా కోసం ఆడిందని నాకు తెలియదు. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు.

అమ్మ పక్కన ఆ పిల్ల నడుస్తోంది. మలుపు దగ్గర అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఆ బండమీద, ఆ దుప్పటిమీద, మా అమ్మ పక్కన ఆ పిల్ల కూచుంటుంది. ఆ ఆలోచన రాగానే నా ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. కోరుకున్న పీటమీద కూచుని, అడవికోడి మొద్దెక్కుతుంటే, నేను మలుపు వంకే చూస్తున్నాను. ఆంటీ నా గడ్డం పట్టుకుని ముందుకి తిప్పింది.

అప్పుడు చూశాను. మెడచుట్టూ నల్లటి ఈకలు విప్పి, తోక పరిచి, ఛాతీ పొంగించి నిలబడింది. రెక్కలు కదిలాయి, తర్వాత రెక్కలు కనబడడం మానేసి వాటి చోట పొగలాంటిది మిగిలింది. మొద్దుమీది ఎండుటాకులు ఎగిరిపడ్డాయి. అంత అందమైనది నేను మళ్ళీ చూడలేదు. చూస్తున్నంతసేపూ, ఇది ఇప్పుడు ఆ బండమీద ఎలా వినబడుతోందో కూడా నాకు తెలుస్తూనే ఉంది.

ఆ పిల్ల ఎండాకాలంలోనే వేరే ఊరు వెళ్ళిపోయింది. ఎనభైల్లో గనులు మూతపడుతూ వచ్చాయి, ఆసుపత్రి చిన్నదైంది, మేమూ మిషిగన్ చేరాం. అమ్మ అక్కడి ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే పోయింది. చివరిదాకా ఆ అడవికోడిని ఆవిడ కళ్ళతో చూడలేదు. ఆ సంగతి ఎవరైనా అడిగితే, చూశానుగా, నా కూతురు రాత్రీ పగలూ చెబుతుంటే చూడకేం అనేది.

నాకు వయసు వచ్చింది కానీ ఓర్వలేనితనం తగ్గలేదు. అది తగ్గాలని ఎదురుచూడడం మాత్రం మానేశాను. మొన్న డాలస్ దగ్గర కాపెల్‌లో మా అమ్మాయి పురుడు. నెల ముందే వెళ్ళి పథ్యాలన్నీ వండి ఫ్రీజర్ నింపాను. తీరా కాన్పు గదిలోకి భర్త కాక ఇంకొక్కరినే రానిస్తామన్నారు. మా అమ్మాయి తలదించుకుని, వాళ్ళ అత్తగారిని రమ్మంది. ఆవిడ నర్సుగా చేసిన మనిషి, దగ్గరుంటే ధైర్యంగా ఉంటుంది మమ్మీ అంది. నిజమే. నిజమైతే మాత్రం మంట తగ్గుతుందా? నేను కన్న పిల్ల, నన్ను కాదని!

వియ్యపురాలి చేతి సంచి నేనే గది దాకా మోశాను. సంచి పెట్టేసి వస్తానని నర్సుని అడిగి లోపలికెళ్ళి, ఆవిణ్ణి మంచం పక్క కుర్చీలో కూచోబెట్టాను. మా అమ్మాయి నొప్పుల మధ్య కూడా నా ముఖమే చూస్తోంది, అమ్మ బాధపడిందేమోనని. ఆ చూపు నాపైనుంచి కదిలేదాకా మా పిల్ల తన పని తాను చూసుకోలేదు. నేను గట్టిగా నవ్వి, ఆకలి దంచేస్తోందర్రా, కిందికెళ్ళి ఏదైనా తిని వస్తానని అందరికీ వినబడేటట్టు చెప్పి, సంచి ఊపుకుంటూ, చెప్పులు టకటకలాడించుకుంటూ బయటికొచ్చాను. తిట్టుకుంటూనే నడిచాను. వెనక్కి చూడలేదు. కారిడార్ మలుపు తిరిగాక గోడ పక్కన ఒక కుర్చీ ఉంది. కిందికి వెళ్ళలేదు, అందులో కూచున్నాను. అక్కణ్ణించి చూడడానికి ఏమీ లేదు. చాలాసేపటికి, మూసిన తలుపు అవతల, నా మనవరాలు మొదటిసారి ఏడ్చింది.